దొరువు నీళ్లు ఉప్పెక్కక ముందే

(బాపట్ల తీరంలోని ఒక గ్రామంలో భూయజమానులు, కౌలుదారులు, మత్స్యకారులతో జరిగిన సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక మీ అందరికీ ఇచ్చిన మంచినీళ్లు టిన్నుల్లో వచ్చినవి. ఆటో మాట్లాడి చీరాల నుంచి తెప్పించాం. ఇదే బడి ఆవరణలో కొన్నేళ్ల కిందట మీటింగు పెట్టినప్పుడు నీళ్లు కొనలేదు. బడి వెనక దొరువులో బిందెలు ముంచుకొచ్చి, గుడ్డ వేసి వడగట్టి, కుండల్లో పోసి పెట్టాం. ఎండలో వచ్చిన వాళ్లు రెండేసి గ్లాసులు తాగారు. ఆ దొరువు ఇప్పటికీ అక్కడే ఉంది, నీళ్లూ ఉన్నాయి. ఓ గుక్క నోట్లో పోసుకుంటే టిన్నులెందుకు తెప్పించామో తెలుస్తుంది.

ఈ రోజు మాట్లాడాల్సింది దాని గురించే. మిగతావి, అంటే రిసార్టులు, రొయ్యల చెరువులు, ఇసుక లారీలు, మూసేసిన డొంక, రాని రిజిస్ట్రేషన్లు, అన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

పై ఊళ్ల నుంచి వచ్చిన వారి కోసం కాస్త వివరంగా చెప్తాం. మనది ఇసుక నేల. కాలవ నీరు రాదు. అయినా తాతల నాటి నుంచి ఇక్కడ వేరుశనగ పండింది, మిరప నారు పెరిగింది, ఆకుకూరలు, వంగ, కనకాంబరం, మల్లె పండి చీరాల, బాపట్ల మార్కెట్లకు పోయాయి. నీళ్లెక్కడివి? వాన నీళ్లే. ఇసుకలో పడ్డ వాన పారిపోదు, ఇంకుతుంది. అడుగున సముద్రపు ఉప్పునీరు ఉంటుంది. అది మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్లు బరువు. కాబట్టి మంచినీరు దాని మీద మీగడలా తేలి నిలబడుతుంది. మీగడ ఎంత మందం అన్నదానికి ఒక లెక్క ఉంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే, ఆ మట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. ఇందులో సంతోషించాల్సింది ఎంతుందో భయపడాల్సింది అంతకంటే ఎక్కువ ఉంది. పైన ఒక్క అడుగు దిగజారితే కింద నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి వస్తుంది.

మన పెద్దవాళ్లకు ఈ లెక్క తెలియదు, కానీ పని తెలుసు. దొరువు అంటే లోతైన బావి కాదు, ఇసుకలో వెడల్పుగా తవ్విన గుంట. అంచులు ఏటవాలుగా ఉంటాయి. రెండు చేతుల్లో రెండు బిందెలతో దిగి, ముంచుకుని, ఎక్కి, మొక్కల మీద చల్లాలి. నడుములు పోయేవి, నిజమే. ఆ కష్టాన్ని మేం పొగడటం లేదు. అయితే బిందెతో తోడినంత కాలం మీగడ మాత్రమే తీశారు, అడుగున కదిలించలేదు. తర్వాత బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు దీన్నే బాగుచేసి మెరుగైన దొరువు పద్ధతి తెచ్చారు. భూమిలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, వాటికి నైలాన్ జాలీ చుట్టి, మధ్యలో ఒక సంపులోకి నీరు చేరేలా చేసి, చిన్న మోటారుతో తుంపర సేద్యం చేయించారు. గొట్టం అడ్డంగా ఉండటంలోనే కిటుకంతా ఉంది. నిలువుగా దింపిన బోరు కింది ఉప్పును పైకి లాగుతుంది. అడ్డంగా పరిచిన గొట్టం పైపొరనే తీస్తుంది.

మరి మనమేం చేశాం? నిలువుగా దింపాం.

ఇక్కడ మేం ముందు మా తప్పు ఒప్పుకోవాలి. మొదటి పెద్ద బోరు పై ఊరి వాళ్లు వేసింది కాదు. మన సంఘం సభ్యుడే ఆరెకరాలు రొయ్యల చెరువులకు కౌలుకిచ్చినప్పుడు వేసింది. చెరువులో ఉప్పు శాతం తగ్గించడానికి మంచినీరు కావాలన్నారు, రాత్రీ పగలూ మోటారు నడిచింది. పక్క పొలం వదిన వచ్చి మా దొరువు నీళ్లు చప్పదనం పోతున్నాయి, వంగ ఆకు అంచులు మాడుతున్నాయి అని మాతో చెప్పింది. మనవాళ్లే కదా, సర్దుకుందాం అన్నాం. ఆ ఏడాదే పడమటి దిబ్బ ఇసుక లారీలకెక్కింది. ఆ దిబ్బ పట్టా భూమిలో ఉంది, యజమాని అమ్ముకుంటే మనకెందుకు అనుకున్నాం. ఎరువుల ధరల మీద ధర్నాలు చేసిన సంఘం, ఇంటి పక్క దిబ్బ కరిగిపోతుంటే ఒక్క కాగితం కూడా రాయలేదు. ఆ వదిన ఈ రోజు ఇక్కడే కూర్చుని ఉంది. ఆమె ముందు ఈ మాట చెప్పకుండా రిసార్టుల వాళ్లను తిట్టే హక్కు మాకు లేదు.

దిబ్బ సంగతి ఎందుకింత పట్టించుకోవాలంటే, వాన నీరు ఎక్కువ నిలబడేది దిబ్బ కడుపులోనే. దిబ్బ ఎత్తే మన నీటి ఎత్తు. దాన్ని చదును చేస్తే తుపాను అలకు అడ్డం పోతుంది, దొరువుకు ఊట పోతుంది. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఉప్పెన ఏం చేసిందో చూసిన వాళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నారు. తీరప్రాంత నియంత్రణ జోన్ నోటిఫికేషన్లలో ఇసుక దిబ్బలను అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న తరగతిలో పెట్టింది ఊరికే కాదు. రిసార్టు కట్టుకోవడానికి అనుమతి వచ్చినా సరే, దిబ్బను చదును చేయకూడదని అందులో విడిగా రాసి ఉంది.

ఈ నోటిఫికేషన్, మనం సీఆర్‌జెడ్ అంటున్నదే, దీని పేరు చెప్పి ఊళ్లో రెండు రకాల అబద్ధాలు తిరుగుతున్నాయి. బ్రోకర్లు రైతు దగ్గరికొచ్చి, "మీది సీఆర్‌జెడ్‌లో పడింది, పట్టా చెల్లదు, ఎంతో కొంతకు ఇచ్చేయండి" అంటారు. అదే బ్రోకరు హైదరాబాదు పార్టీతో, "అబ్బే, అదేం అడ్డం కాదు, గెస్ట్‌హౌసు ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు" అంటాడు. రెండూ తప్పే. ఈ నిబంధన పట్టాను రద్దు చేయదు, భూమిని లాక్కోదు. ఆ భూమిలో ఏం చేయవచ్చో ఏం చేయకూడదో చెప్తుంది, అంతే. వ్యవసాయం, తోటలు, సరుగుడు పెంపకం నిర్మాణ నిషేధ ప్రాంతంలో కూడా చేసుకోవచ్చు. సక్రమంగా కట్టిన పాత ఇల్లు ఉంటే ఉన్నంత కొలతల్లో బాగు చేసుకోవచ్చు.

మొదటి నోటిఫికేషన్ 1991లో వచ్చింది, తర్వాత 2011లో, మళ్లీ 2019లో. గరిష్ఠ పోటు రేఖ నుంచి భూమి వైపు 500 మీటర్ల దాకా ఇది వర్తిస్తుంది. 2011 ప్రకారం గ్రామాల్లో మొదటి 200 మీటర్లు కట్టడాల నిషేధం. 2019లో దాన్ని రెండుగా చీల్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువ జనం ఉన్న చోట నిషేధం 50 మీటర్లకు తగ్గింది, తక్కువ ఉన్న చోట 200 మీటర్లే ఉంది. అయితే 2019 నిబంధన ప్రకారం తయారుచేసిన తీర నిర్వహణ పటం ఆమోదం పొందేదాకా పాత పటమే లెక్క. కాబట్టి మన ఊరికి ఏ పటం అమల్లో ఉంది, పోటు రేఖ ఏ సర్వే నంబర్ల మీదుగా పోతోంది అన్నది కాగితం మీద తేల్చుకోవాలి. నోటి మాట పనికిరాదు, మా నోటి మాట కూడా. ఊరి స్థాయి పటాలు సర్వే నంబర్లు కనిపించేంత పెద్ద కొలతలో, 1:3,960 స్కేలులో ఉండాలని నోటిఫికేషనే చెప్తోంది. ఆ పటం కాపీ కావాలని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

స్థలాలు కొన్న పై ఊళ్ల మిత్రులకు ఇక్కడ ఒక మాట. మీలో కొందరు జీవితమంతా ఉద్యోగం చేసి దాచుకున్న డబ్బుతో ఇరవై సెంట్లు కొనుక్కున్నారు. మీరు మాకు శత్రువులు కారు. మీలో చాలామంది మోసపోయారని కూడా మాకు తెలుసు. తీరంలో రిసార్టు కట్టాలంటే స్థలం కనీసం 0.4 హెక్టారు, అంటే దాదాపు ఎకరం ఉండాలి. ఎత్తు 9 మీటర్లు దాటకూడదు, రెండు అంతస్తులకు మించకూడదు. పోటు రేఖకు 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడకూడదు. 200 నుంచి 500 మీటర్ల మధ్య తోడాలంటే భూగర్భజల శాఖ సమ్మతి కావాలి. రెండు రిసార్టుల మధ్య జనం ఒడ్డుకు పోవడానికి కనీసం 20 మీటర్ల దారి వదలాలి. ఇవన్నీ మీకు అమ్మిన వాడు చెప్పాడా? చెప్పి ఉంటే మన డొంకకు అడ్డంగా ఆ ఇనప గేటు లేచేది కాదు. ఆ గేటు పెట్టించిన వారు ఈ రోజు రాలేదు. కబురు పంపాం, మళ్లీ పంపుతాం.

డొంక గురించి ఒడ్డు పల్లె పెద్దలు మాట్లాడితేనే బాగుంటుంది, కానీ మేం కొంత చెప్పాలి. మనకు పట్టా ఉంది, అడంగల్ ఉంది, ఒన్‌బీ ఉంది. వాళ్లకు వల ఆరబెట్టుకునే ఇసుకకు ఏ కాగితమూ లేదు. పడవ నిలిపే చోటికి సర్వే నంబరు లేదు. ఇన్నాళ్లూ మన మీటింగుల్లో భూమి ఉన్నవాడిదే మాట. కౌలుదారు వెనక కూర్చున్నాడు, మత్స్యకారుడు అసలు రానేలేదు. సోంపేట బీల భూముల్ని గుర్తు చేసుకోండి. శ్రీకాకుళం జిల్లాలో ఆ తంపర నేలలో థర్మల్ కేంద్రం వస్తుందన్నప్పుడు, పట్టా ఉన్న రైతూ, చేపలు పట్టుకునే వాళ్లూ, గడ్డి కోసుకునే వాళ్లూ కలిసి నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. జనం రోడ్డు మీద ఉండగానే ఎవరో ఓపిగ్గా కాగితాలు కూడా పెట్టి ఉన్నారు కాబట్టే అది జరిగింది. రెండూ కావాలి. మన దగ్గర ఇప్పటిదాకా రెండూ లేవు.

రొయ్యల చెరువుల సంగతికి వద్దాం. ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుంది. వేరుశనగ వేస్తే మిగిలేది తెలుసు, చెరువుకిస్తే వచ్చే కౌలు తెలుసు. అప్పులున్న వాడు కౌలుకే ఇస్తాడు. అలా ఇచ్చిన వాళ్లను ఊళ్లో వేలెత్తి చూపించడం మన సంఘం పని కాదు. కానీ చట్టం ఏముందో తెలియాలి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల సాగు మీద పెద్ద తీర్పు ఇచ్చింది. దాని తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. పోటు రేఖ నుంచి రెండు కిలోమీటర్ల లోపు ఉప్పునీటి చెరువులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వ్యవసాయ భూమిని చెరువుగా మార్చకూడదని మార్గదర్శకాలు చెప్తున్నాయి. జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. అంటే మన పొలాల మధ్య ఉన్న ఏ చెరువుకు రిజిస్ట్రేషన్ ఉందో, ఏ సర్వే నంబరు మీద ఉందో అడిగే హక్కు మనకుంది. వాల్టా చట్టం, 2002 నాటిది, ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరును అడ్డుకుంటుంది. బడి వెనక దొరువు మన ఊరి తాగునీటి వనరు అని ఎవరూ ఎక్కడా రాయించలేదు. రాయించి ఉంటే ఆ బోరు మీద మాట్లాడటానికి మనకొక ఆధారం ఉండేది.

గ్రామసభలో ముందు ఈ రాయించే పని జరగాలి. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఏటా కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలి. మన ఊళ్లో పెట్టారనే రికార్డుంది. సంతకాలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని మన సంతకాలే, ఇంటికొచ్చి తీసుకుపోయినవి. ఈసారి అలా కుదరదని సర్పంచి గారికి మర్యాదగానే చెప్పాం, ఆయనా ఒప్పుకున్నారు. ఊరి ఓటర్లందరూ గ్రామసభ సభ్యులే. పై ఊళ్ల యజమానులకు ఇక్కడ ఓటు లేదు కనుక చేయెత్తలేరు, కానీ ఉత్తరం రాసి సభలో చదివించవచ్చు.

గ్రామసభ తీర్మానం చేస్తే మర్నాడే గేటు ఊడిపోతుందని మేం ఎవరికీ ఆశ పెట్టం. అది ఒక కాగితం. కానీ తేదీ ఉన్న కాగితం. రేపు రాష్ట్ర తీర నిర్వహణ అథారిటీ ముందుకు పోయినా, కలెక్టరు గారి జిల్లా తీర కమిటీ ముందుకు పోయినా, చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ గడప ఎక్కినా, మొదట అడిగేది మీరు ఎప్పుడు అభ్యంతరం చెప్పారని. జిల్లా కమిటీలో తీరవాసుల తరఫున కనీసం ముగ్గురు ప్రతినిధులు ఉండాలని 2011 నోటిఫికేషన్‌లోనే ఉంది. మన తరఫున ఎవరున్నారో అడగాలి. ట్రిబ్యునల్‌లో గడువులు చాలా గట్టివి. ఒక అనుమతి మీద అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. పంట కోతలయ్యాక చూద్దాంలే అనుకుంటే తలుపు మూసుకుంటుంది.

పెద్ద ప్రాజెక్టు ఏదైనా వచ్చి పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభకు కోరం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. అందుకే మనం పోకపోవడం నిరసన కిందికి రాదు, ఒప్పుకున్నట్టే చూస్తారు. సభ చివర చర్చ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి. భోజనాల పిలుపు వచ్చేది సరిగ్గా ఆ సమయంలోనే. ఎవరూ లేవకండి. మనమన్న మాట అందులో పడిందో లేదో విన్నాకే తినండి.

ఉప్పాడ వైపు సముద్రం ఊళ్లను ఎలా కోసుకుంటూ పోతోందో చాలామంది చూసే ఉంటారు. అక్కడ జియోట్యూబుల గోడ కూడా అలలకు నిలవలేదు. మన దగ్గర ఇంకా అంత రాలేదు. దిబ్బ ఉన్నంత మేర రాలేదు.

ఇప్పుడు మనలో తెగని విషయం ఒకటి చెప్పి ముగిస్తాం. తీర్మానంలో కొత్త బోర్లు వద్దని రాయడానికి అందరూ సరేనన్నారు. ఉన్న బోర్ల మాటేమిటి అన్నప్పుడు మన కమిటీయే రెండుగా చీలింది. వాటిలో నాలుగు మన సభ్యులవి. రెండు నెలల్లో కౌలు గడువు అయిపోయేవి రెండున్నాయి, వాటిని మళ్లీ ఇవ్వకుండా, మెరుగైన దొరువులు వేసుకోవడానికి సంఘం బాపట్ల కేంద్రంతో మాట్లాడి పెడుతుంది. మిగతా రెంటికి ఎంత సేపు మోటారు నడపాలో పక్క పొలాల వాళ్లతో కలిసి తేల్చుకోవాలి. దీనికి ఒప్పుకోని అన్నయ్య ఒకరు ఇక్కడే ఉన్నారు. ఆయన అడిగేది కూడా న్యాయమే, "నా అప్పు ఎవరు కడతారు" అంటున్నారు. దానికి మా దగ్గర ఇంకా జవాబు లేదు. ఆయన పొలంలో వేయబోయే దొరువుకు మొదటి పెట్టుబడి సంఘం నిధి నుంచి ఇవ్వాలని ఒక ప్రతిపాదన ఉంది. వచ్చే ఆదివారం ఓటుకు పెడతాం.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇక్కడికే రండి. అడంగల్, ఒన్‌బీ కాపీలు తెచ్చుకోండి. డి-పట్టా ఉన్నవాళ్లు, నిషేధిత జాబితాలో భూమి పడ్డవాళ్లు ఆ కాగితాలు విడిగా తేవాలి, వాటికి వేరే దరఖాస్తు రాయాలి. నీటిలో ఉప్పు కొలిచే మీటరు సంఘం కొంటోంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రతి దొరువు నీరూ కొలిచి పుస్తకంలో రాస్తాం. సీసా తెచ్చేవాళ్లు ముందు దాన్ని అదే దొరువు నీళ్లతో రెండుసార్లు తొలిచి, తర్వాత నింపండి. మోటారు నడవకముందు తెల్లవారుజామున ముంచినది ఒకటి, సాయంత్రం ముంచినది ఒకటి తేవాలి. సీసా మీద సర్వే నంబరు, తేదీ, వేళ రాయండి. మా వదిన దొరువు నుంచి మొదలుపెడదాం.